చన్నీళ్ళలో బ్యాస్ వేట: లూర్ ఎలా కదులుతుందో కాదు, ఎలా ఆగుతుందో చూడాలి

చలికాలం రాగానే బ్యాస్ చేపల వేటగాళ్ళ మధ్య పాత వాదన మళ్ళీ మొదలవుతుంది. నీళ్ళు చల్లబడ్డాయి కాబట్టి చిన్న లూర్ కట్టి మెల్లగా లాగాలని ఒకరంటారు. మెల్లగా లాగితే చేప కన్నెత్తి కూడా చూడదు, బరువైన లోహపు లూర్‌ని ఒక్క ఊపులో పైకి ఎగరేసి వదిలితేనే నోరు తెరుస్తుందని ఇంకొకరంటారు. చేపలన్నీ లోతుకు పోయాయని ఒకరు, మధ్యాహ్నం ఎండలో ఒడ్డు రాళ్ళ పక్కనే పడ్డాయని మరొకరు. వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అందరికీ చేపలు పడ్డాయి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకే తల తిరిగిపోతుంది.

ఈ చిక్కుముడి విప్పాలంటే లూర్ల పెట్టె ముందు కూర్చుంటే లాభం లేదు. ముందు చల్లటి నీళ్ళలో చేప ఒంటికి ఏమవుతుందో, ఆ నీళ్ళకు ఏమవుతుందో చూడాలి. అవి అర్థమయ్యాక లూర్ ఎంపిక దాదాపుగా ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది: మనం చెయ్యి ఆపేశాక ఆ లూర్ నీళ్ళలో ఏం చేస్తోంది?

## బ్యాస్ అంటే ఏ చేప, లూర్ అంటే ఏమిటి

ఇక్కడ బ్యాస్ అంటే ఉత్తర అమెరికా మంచినీటి చేప, బ్లాక్ బ్యాస్. శాస్త్రీయంగా మైక్రోప్టెరస్ ప్రజాతి. వేటగాళ్ళకు బాగా తెలిసినవి మూడు: లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్, స్పాటెడ్ బ్యాస్. నోరు మూసి ఉన్నప్పుడు పై దవడ కంటిని దాటి వెనక్కి పోతే లార్జ్‌మౌత్, కంటి దగ్గరే ఆగిపోతే స్మాల్‌మౌత్. పేరులో బ్యాస్ ఉన్నా ఇవి సన్‌ఫిష్ కుటుంబానికి చెందినవి.

లూర్ అంటే కృత్రిమ ఎర. గాలానికి వానపామునో బతికున్న చిన్న చేపనో గుచ్చితే దాని వాసన, దాని కదలిక దానికే ఉంటాయి. లూర్‌కి అలా సొంత ప్రాణం లేదు. చెక్క, ప్లాస్టిక్, రబ్బరు, సీసం, వెంట్రుకలు, వీటితో చేసిన బొమ్మ అది. దానికి ప్రాణం ఉన్నట్టు అనిపించేది మన చెయ్యి ఆడించే తీరు వల్ల, దాని బరువు, ఆకారం వల్ల. వేసవిలో ఈ పనిలో పెద్ద భాగం చెయ్యి చేస్తుంది. చలికాలంలో అది బరువు, ఆకారాల మీదికి మారుతుంది.

## చలి చేప ఒంట్లో ఏం చేస్తుంది

బ్యాస్ శీతల రక్త జీవి. మనలా ఒంటిని వెచ్చగా ఉంచుకోలేదు, నీళ్ళ ఉష్ణోగ్రతే దాని ఒంటి ఉష్ణోగ్రత. ఇలాంటి జీవుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ తగ్గితే ఒంట్లో జరిగే రసాయనిక పనుల వేగం ఇంచుమించు సగానికో మూడో వంతుకో పడిపోతుందని జీవశాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. వేసవిలో 25 డిగ్రీల నీళ్ళలో ఉన్న చేప చలికాలంలో 5 డిగ్రీల్లో ఉందనుకుందాం. అంటే 10 డిగ్రీల మెట్లు రెండు దిగింది. ఒక్కో మెట్టుకు సగం చొప్పున వేస్తే శక్తి ఖర్చు నాలుగో వంతు, మూడో వంతు చొప్పున వేస్తే తొమ్మిదో వంతు. తిన్నది అరగడానికీ అంతే ఆలస్యం.

దీన్ని చాలామంది "చలికాలంలో బ్యాస్ తినదు" అని అర్థం చేసుకుంటారు. అది తప్పు. గడ్డకట్టిన సరస్సుల్లో మంచుకు రంధ్రం చేసి గాలం వేసినా లార్జ్‌మౌత్ పడుతుంది. అయితే రోజుకు తినాల్సింది బాగా తగ్గిపోతుంది, తిండి కోసం ఎంత దూరం పోవాలన్న లెక్క దానికంటే ఎక్కువగా తగ్గిపోతుంది. వేసవిలో నాలుగు మీటర్ల దూరం నుంచి దూసుకొచ్చిన చేప ఇప్పుడు కళ్ళ ముందు అడుగు దూరంలో ఉన్నదాని కోసమైతేనే కదులుతుంది. అదీ ఒక్కోసారి చాలాసేపు చూశాకే.

కాబట్టి లూర్ పని రెండు భాగాలు. చేప ఉన్న లోతుకు, చేప ఉన్న చోటికి చేరడం ఒకటి. అక్కడ కాసేపు ఉండగలగడం రెండోది. చాలా లూర్లు మొదటిది బాగానే చేస్తాయి. రెండోది చేసేవి కొన్నే.

## "లోతులో వెచ్చగా ఉంటుంది" అన్న మాట ఎప్పుడు నిజం

చలికాలపు సలహాల్లో ఇంతగా తప్పుదారి పట్టించే మాట ఇంకొకటి లేదేమో. నీటికి ఒక విచిత్రమైన గుణం ఉంది. దాదాపు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 39 ఫారన్‌హీట్ దగ్గర, అది అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అంతకంటే చల్లబడితే మళ్ళీ తేలికై పైకి వస్తుంది. అందుకే అమెరికా ఉత్తరాది సరస్సుల్లో మంచు పైన కడుతుంది, అడుగున 4 డిగ్రీల నీళ్ళు నిలుస్తాయి. అక్కడ లోతులో వెచ్చగా ఉంటుందన్నది నిజమే.

కానీ మంచు కట్టని అమెరికా దక్షిణాది రిజర్వాయర్ తీసుకోండి. పైన నీళ్ళు 8 డిగ్రీలు ఉన్నాయి. అడుగున ఉండేది అంతే చల్లగానో ఇంకాస్త చల్లగానో ఉండే నీరే, ఎందుకంటే 4 డిగ్రీల పైన చల్లటి నీళ్ళే బరువు. మరి బ్యాస్ లోతుకు ఎందుకు పోతుంది? ఉష్ణోగ్రత అక్కడ రాత్రికీ పగటికీ పెద్దగా మారదు కాబట్టి, అది వెతికే చిన్న చేపల మందలు అక్కడ ఉంటాయి కాబట్టి. వెచ్చదనం కోసం కాదు.

ఈ తేడా లూర్ ఎంపికను నేరుగా మారుస్తుంది. 8 డిగ్రీల సరస్సులో మూడు రోజులు ఎండ కాస్తే, రాళ్ళున్న ఒడ్డు దగ్గర మధ్యాహ్నానికి నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కుతాయి. ఆ చుట్టుపక్కల అన్నిటికంటే వెచ్చటి చోటు అదే. లోతైన నీరు పక్కనే ఉన్న నిటారు ఒడ్డయితే చేప పెద్దగా ఈదకుండా పైకి వచ్చేస్తుంది. లోతులో పడ్డాయన్నవాడి మాట, ఒడ్డున పడ్డాయన్నవాడి మాట ఇలా ఒకే సరస్సులో, ఒకే రోజు నిజమవుతాయి.

## సస్పెండింగ్ జెర్క్‌బైట్: నీళ్ళలో నిలబడే లూర్

చలికాలం అనగానే ముందు వినిపించే పేరు జెర్క్‌బైట్. సన్నగా, పొడుగ్గా, చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ప్లాస్టిక్ లూర్. మూతి కింద చిన్న నాలుక లాంటి పలక ఉంటుంది. దాన్ని లిప్ అంటారు. రాడ్‌ని, అంటే గాలపు కర్రని, కుదిపినప్పుడు ఈ పలక నీళ్ళను తన్ని లూర్‌ని పక్కకు విసురుతుంది. సస్పెండింగ్ రకమైతే కుదపడం ఆపగానే పైకి తేలదు, కిందికి మునగదు, ఉన్నచోటే నిలబడుతుంది.

దీనికింత పేరు రావడానికి వెనుక ఒక చేప ఉంది. అమెరికా దక్షిణ, మధ్య రాష్ట్రాల రిజర్వాయర్లలో బ్యాస్‌కి ముఖ్యమైన తిండి థ్రెడ్‌ఫిన్ షాడ్. ఇది చలికి ఆగలేదు. నీళ్ళు 7 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి నీరసించి, 5 డిగ్రీల దగ్గర మందలు మందలుగా చనిపోతుంది. చనిపోయే షాడ్ ఒకసారి వణికి, రెండు అంగుళాలు ముందుకు పోయి, ఆగిపోతుంది. పక్కకు ఒరిగి అలాగే ఉండిపోయి మళ్ళీ వణుకుతుంది. కష్టపడకుండా కడుపు నిండే తిండి ఇది. జెర్క్‌బైట్ రెండు కుదుపులు, పది సెకన్ల ఆగుడు చేసేది అచ్చంగా ఈ నటనే. మిస్సోరీ, ఆర్కాన్సా సరిహద్దులో ఓజార్క్ కొండల మధ్య ఉన్న టేబుల్ రాక్ సరస్సు ఈ తరహా చలికాలపు వేటకు పేరుమోసింది. అక్కడ నీళ్ళు తేటగా ఉంటాయి, ఒడ్లు నిటారుగా దిగుతాయి.

ఇక్కడొక చిన్న లెక్క వేయాలి. డబ్బా మీద "సస్పెండింగ్" అని రాసి ఉంటుంది, కానీ ఏ నీళ్ళలో? 20 డిగ్రీల దగ్గర ఒక ఘన సెంటీమీటరు నీరు 0.998 గ్రాములు, 5 డిగ్రీల దగ్గర దాదాపు 1.000 గ్రాము. 14 ఘన సెంటీమీటర్ల నీటిని పక్కకు నెట్టే 14 గ్రాముల లూర్‌కి ఈ తేడా వల్ల అదనంగా సుమారు 0.025 గ్రాముల తేలే బలం వస్తుంది. అంటే చల్లటి నీళ్ళలో లూర్ కాస్త పైకి లేవాలి. చాలామంది ఇక్కడితో లెక్క ముగిస్తారు. కానీ గట్టి ప్లాస్టిక్ కూడా చలికి రవ్వంత కుంచించుకుపోతుంది, అప్పుడు అది పక్కకు నెట్టే నీరు తగ్గి కిందికి దిగాలి. ఇదీ అంత చిన్న అంకే, కాకపోతే ఎదురు దిశలో. ఏది గెలుస్తుందన్నది ఆ లూర్ ప్లాస్టిక్‌ని బట్టి, లోపలి గాలి గదుల్ని బట్టి ఉంటుంది. వీటికి తోడు ట్రెబుల్ హుక్, అంటే మూడు కొనల హుక్, ఒక సైజు పెద్దది మార్చితే చేరే బరువు ఈ రెండు అంకెల కంటే ఎక్కువ.

అందుకే కాగితం మీద లెక్క కంటే బకెట్ నయం. బకెట్‌లో నీళ్ళు పోసి, ఐసు ముక్కలు వేసి, థర్మామీటరు 5 చూపించేదాకా ఆగి, హుక్కులూ, దారానికి తగిలించే స్నాపూ అన్నీ పెట్టిన లూర్‌ని మధ్యలో వదిలి చూస్తే తెలుస్తుంది. ఒక లూర్ మూతి కిందికి వాల్చి కదలకుండా ఉంటుంది. అదే డబ్బాలోంచి తీసిన దాని జోడు అంగుళం అంగుళం చొప్పున పైకి పాకుతుంది. పైకి పాకేదాని పొట్ట కింద, ముందు హుక్ దగ్గర, గోరంత సీసపు రేకు అంటిస్తే అదీ నిలబడుతుంది. ఇంత చిన్న పనికి అంత ఫలితమా అనిపిస్తుంది. చేప ముందు పది సెకన్లు నిలవాల్సిన లూర్ ఆ పది సెకన్లలో అర మీటరు పైకి పోతే, చేపకు దాన్ని వెంబడించాల్సిన పని పడినట్టే. చలికాలంలో చేప చేయని పని అదే కదా.

రెండో లెక్క సమయానిది. 25 మీటర్ల దూరం విసిరారు. ఒక్కో జత కుదుపులకు లూర్ 60 సెంటీమీటర్లు వస్తుంది, అంటే దాదాపు 42 ఆగుళ్ళు. ఒక్కోటి 10 సెకన్లయితే ఒక్క విసురుకు 7 నిమిషాలు. గంటకు ఎనిమిది విసుర్లు. వేసవిలో అర నిమిషంలో లాగేసే లూర్‌తో గంటకు వంద దాకా వేయొచ్చు. చోటు తప్పైతే జెర్క్‌బైట్ పట్టుకుని ఖాళీ నీళ్ళలో సగం రోజు పోగొట్టుకోవచ్చు. దాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి అంతగా చెప్పరు. చేపలున్న చోటు ముందే తెలిసినప్పుడు దానంతటిది లేదు. వెతకడానికి మాత్రం అది చాలా ఖరీదైన పనిముట్టు.

## అడుగున కూర్చునే జిగ్, బెండు కింద వేలాడే ఈక

జిగ్ అంటే సీసపు తల పోసిన ఒంటి హుక్, దాని చుట్టూ రబ్బరు పోగులో వెంట్రుకలో. ఆగితే ఇది అడుగుకు చేరి కూర్చుంటుంది. అడుగున కూర్చున్నప్పుడు కూడా ఏదో ఒకటి ఆడుతూ ఉండాలన్నదే ఇక్కడ పరీక్ష. చలికి మెత్తటి ప్లాస్టిక్ బిగుసుకుపోతుంది, ముఖ్యంగా ఉప్పు ఎక్కువ కలిపిన రకాలు. వేసవిలో వగలు పోయిన తోక 5 డిగ్రీల్లో కర్రలా నిలబడుతుంది. జింక తోక వెంట్రుకలకు, మారబూ ఈకలకు ఆ ఇబ్బంది లేదు. నీళ్ళు ఎంత చల్లబడినా అవి ఊపిరి పీల్చినట్టు మెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. హెయిర్ జిగ్ పాతకాలపు లూర్ అయినా చలికాలంలో ఇంకా నిలబడటానికి కారణం ఇదే. నెడ్ రిగ్ అనే చిన్న పుట్టగొడుగు తల జిగ్‌కి తేలే రకం ప్లాస్టిక్ వాడితే, అడుగున వదిలేసినప్పుడు తోక పైకెత్తి నిలబడుతుంది. అదీ ఆగినప్పటి పనితనమే.

ఈ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్ళింది ఫ్లోట్ అండ్ ఫ్లై. తూర్పు టెన్నెసీ కొండల్లోని లోతైన, తేటనీటి రిజర్వాయర్లలో పెరిగిన పద్ధతి ఇది. అక్కడ స్మాల్‌మౌత్ చేపలు అడుగునా ఉండవు, ఒడ్డునా ఉండవు. ఎంతో లోతున్న నీళ్ళలో మూడు నాలుగు మీటర్ల దగ్గర నిలువునా ఆగి ఉంటాయి. అందుకని 1.8 గ్రాముల చిన్న ఈకల జిగ్‌ని బెండు కింద మూడు మీటర్ల దారానికి వేలాడదీస్తారు. గాలి కొడితే బెండు అలల మీద ఊగుతుంది, కింద ఈక వణుకుతుంది. మనిషి చేసే పని దాదాపు సున్నా. మన చెరువుగట్టున బెండు చూస్తూ కూర్చునే పాత గాలం వేటకు ఇది దగ్గరి చుట్టమే.

## మరి లోహపు లూర్లు ఎగరేసేవాళ్ళ సంగతేమిటి

ఎదుటి పక్షం మాట కూడా గట్టిదే. వాళ్ళు చెప్పేది ఇది: చేపకు ఆకలి తక్కువైనప్పుడు దాని ముందు తిండి పెట్టి బతిమాలడం ఎందుకు? ముఖం పక్కనుంచి ఏదైనా ఒక్కసారి దూసుకుపోతే ఆలోచించే సమయం లేక నోరు వేస్తుంది. దీన్ని రియాక్షన్ బైట్ అంటారు. తినాలన్న కోరికతో కాక ఉలికిపాటుతో చేసే పని. ఇందుకు వాడేవి బ్లేడ్ బైట్, అంటే పొట్టకు సీసం పోసిన సన్నటి లోహపు రేకు, ఇంకా జిగ్గింగ్ స్పూన్ అనే బరువైన లోహపు ముక్క, లిప్ లేని క్రాంక్‌బైట్, అంటే లాగితే వణుకుతూ ఈదే గట్టి చేప బొమ్మ. బ్లేడ్ బైట్ బరువు మామూలుగా 14 గ్రాములు. అడుగు నుంచి ఒక అడుగు ఎత్తు లేపితే రాడ్ చివర గజగజలాడుతుంది, వదిలితే మళ్ళీ పడిపోతుంది.

అయితే దీన్ని వాడేవాళ్ళనే అడిగితే ఒక మాట వస్తుంది: చేప ఎక్కువగా పట్టుకునేది లేపినప్పుడు కాదు, కిందికి పడేటప్పుడు. తర్వాతి సారి లేపబోతే అక్కడ ఏదో బరువు ఉంటుంది. అంటే ఎగరేయడం చేపను ఇటు తిరిగి చూసేలా చేస్తుంది, దిగడం దాని నోట్లో పడేస్తుంది. రెండు పక్షాలూ అనుకున్నంత దూరంలో లేవు. ఒకరి లూర్ ఆగినప్పుడు నిలబడుతుంది, ఇంకొకరిది ఆగినప్పుడు రాలుతుంది. ఇద్దరి లూర్లూ చేపకు అందేది మన చెయ్యి ఆగాకే.

పైగా బ్లేడ్ బైట్‌ని ఒకసారి ఎత్తి వదిలితే పక్కకు అడుగు దూరం కూడా జరగదు. పడవ కిందే నిలువునా ఆడిస్తే ఒకే చేప ముందు పదిసార్లు పడుతుంది. పైకి వేగంగా కనిపించినా, చేప వైపు నుంచి చూస్తే అది కదలకుండా అక్కడే ఉన్న లూర్.

ఈ సూత్రానికి లొంగనివీ ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. చలి వల్ల రాలిపోని నీటి గడ్డి ఉన్న సరస్సుల్లో 9, 10 డిగ్రీల దగ్గర లిప్ లేని క్రాంక్‌బైట్‌ని గడ్డిలోంచి తెంపి లాగితే లార్జ్‌మౌత్ గట్టిగానే కొడుతుంది. ఇంకా బలమైన ఉదాహరణ అలబామా రిగ్. గొడుగు కమ్మీల్లా ఐదు తీగలు, ఒక్కోదానికి ఒక మెత్తటి చేప బొమ్మ, మొత్తం కలిపి చిన్న మందలా కనిపిస్తుంది. 2011 అక్టోబరులో అలబామాలోని గంటర్స్‌విల్ సరస్సు మీద జరిగిన ఎఫ్‌ఎల్‌డబ్ల్యూ బ్యాస్ వేట పోటీని వేటగాడు పాల్ ఎలియాస్ దీంతో గెలిచాక దేశమంతా దాని వెంట పడింది. బాస్‌మాస్టర్ ఎలైట్ సిరీస్ అనే మరో పెద్ద పోటీల వరుస 2012లో దాన్ని నిషేధించింది. ఎన్ని తీగలకు హుక్కులు ఉండొచ్చన్నది రాష్ట్రానికో రకంగా ఉంటుంది. ఆగకుండా, ఒకే తీరుగా మెల్లగా లాగే లూర్ ఇది, అయినా చన్నీళ్ళలో బాగా పనిచేస్తుంది. ఒక చేప కోసం లేవనిది మొత్తం మంద ఎదురుగా వస్తే లేస్తుందని వివరణ ఇస్తారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

## చిన్నదా, పెద్దదా

చిన్న లూర్ వైపు వాదన తేలికగా అర్థమవుతుంది: అరుగుదల మందగించింది, చిన్న ముద్ద చాలు. పెద్ద లూర్ వైపు వాళ్ళు అదే లెక్కను తిరగేస్తారు. ఎలాగూ ఒకసారే లేవాలి, లేచినందుకు కడుపు నిండాలి కదా అంటారు. చలికాలం నాటికి ఆ ఏడు పుట్టిన షాడ్ పిల్లలు పెరిగి పెద్దవై ఉంటాయన్నది కూడా వాళ్ళకు బలం. నా దృష్టిలో ఈ తగువు లూర్ పొడవు దగ్గర తేలేది కాదు. చిన్న లూర్ తేలిక కాబట్టి మెల్లగా దిగుతుంది, అదే దాని అసలు బలం. కానీ పది మీటర్ల లోతుకు, గాలి వీస్తున్నప్పుడు, అదే తేలికదనం శాపం. లూర్ ఎక్కడుందో చేతికి తెలియదు. చిన్న ఆకారం, ఎక్కువ బరువు రెండూ కావాలన్నప్పుడే లోహపు స్పూన్ గుర్తుకొస్తుంది.

## రంగు గురించి క్లుప్తంగా

రంగు మీద జరిగేంత చర్చకు అది తగదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లార్జ్‌మౌత్ కళ్ళను పరీక్షించి, వాటిలో ఎరుపుకు, ఆకుపచ్చకు స్పందించే శంకు కణాలే ఉన్నాయని చూపారు. ఆ రెండు రంగుల్ని బాగా గుర్తుపడుతుంది, నీలాన్ని నలుపుతో, మెరిసే పసుపును తెలుపుతో పొరబడే అవకాశం ఉంది. ఎర్ర కాంతిని నీరు అన్నిటికంటే ముందు పీల్చేసుకుంటుంది కాబట్టి లోతుకు వెళ్ళేకొద్దీ ఎర్ర లూర్ నల్లబడుతుంది. చలికాలంలో నాచు తగ్గి నీళ్ళు తేటపడితే నిజమైన చేపలా పారదర్శకమైన రంగులు, వాన పడి మట్టినీళ్ళు కలిస్తే నలుపు లాంటి గట్టి నీడ లేదా పసుపు. మట్టినీళ్ళలో రంగు కంటే శరీరం పక్కన ఉండే పార్శ్వ రేఖతో చేప పసిగట్టే అదురు ముఖ్యం.

## దారం కూడా లూర్‌లో భాగమే

ఫ్లోరోకార్బన్ దారం నీళ్ళలో మునుగుతుంది, అల్లిక దారం తేలుతుంది, నైలాన్ రెంటికీ మధ్య. పది సెకన్లు ఆగి ఉన్న జెర్క్‌బైట్‌ని ఫ్లోరోకార్బన్ మెల్లగా కిందికి గుంజుతుంది, అల్లిక దారం పైకి లాగుతుంది. బకెట్‌లో సరిగ్గా నిలబడిన లూర్ సరస్సులో నిలబడకపోతే ముందు చూడాల్సింది ఇదే. సున్నా కింద గాలి ఉన్నప్పుడు తడి దారం రాడ్ రింగుల్లో గడ్డకడుతుంది. అల్లిక దారం నీళ్ళను ఎక్కువ మోసుకొస్తుంది కాబట్టి దానితో ఈ ఇబ్బంది ఎక్కువ.

## మూడు నీళ్ళు, మూడు లెక్కలు

మొదటిది: తేటనీటి రిజర్వాయర్, పైన 6 డిగ్రీలు, రాత్రి చలి గట్టిగా పడి పొద్దున్నే ఎండ వచ్చింది. ధ్వని తరంగాలతో నీళ్ళ లోపల ఏముందో చూపే సోనార్ తెర మీద పాత నది గాడి పక్కన ఎనిమిది మీటర్ల దగ్గర షాడ్ మంద, దాని కింద చేపల్ని చూపే నాలుగు గీతలు. చోటు తెలిసింది, లోతు తెలిసింది, నిలువునా ఆడించొచ్చు. బ్లేడ్ బైట్‌కో స్పూన్‌కో ఇది అనువైన వేళ. జెర్క్‌బైట్ మామూలుగా రెండు మూడు మీటర్లకు మించి దిగదు, దానికి ఇక్కడ పని లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు అదే గాడికి ఆనుకున్న రాతి ఒడ్డున నీళ్ళు 8 డిగ్రీలకు చేరాయి. చేప పైకి వచ్చే చోటు చిన్నది, నీళ్ళు తేట. ఇప్పుడు విసురుకు ఏడు నిమిషాలు పెట్టినా నష్టం లేదు.

రెండోది: వాన తర్వాత నది, మట్టినీళ్ళు, 9 డిగ్రీలు. నిలబడి ఉన్న జెర్క్‌బైట్‌ని చేప చూడలేదు, ఆగితే అది అదరదు కూడా. ఇక్కడ చదును పక్కల క్రాంక్‌బైట్‌నో, రాపలా కంపెనీ షాడ్ రాప్ లాంటి సన్నటి ఊపు ఉన్నదాన్నో, ప్రవాహం తగలని మూలల్లో రాళ్ళకు తగిలిస్తూ మెల్లగా తేవడం నయం. లేదంటే గజ్జెలున్న నల్లటి జిగ్. ఆగడం కంటే అదురుకు పెద్దపీట వేయాల్సిన నీళ్ళు ఇవి.

మూడోది: పద్దెనిమిది మీటర్ల లోతుకు దిగే నిటారు కొండ ఒడ్డు, 7 డిగ్రీలు, మబ్బు, చిన్న అలలు. తెర మీద చేపలు నాలుగు మీటర్ల దగ్గర, అడుగుకు సంబంధం లేకుండా. 2018లో చేపల్ని కదులుతుండగానే తెర మీద చూపే సోనార్, గార్మిన్ లైవ్‌స్కోప్, వచ్చాక ఇలాంటి చేపల్ని ఒక్కొక్కదాన్నే చూస్తూ మిన్నో అనే చిన్న చేప తల ఆకారపు చిన్న జిగ్‌ని వాటి పైన ఆడించడం మామూలైంది. ఆ పరికరం వేటలో నేర్పును తగ్గించేస్తోందని కొందరు, నేర్పు మరోచోటికి మారిందని కొందరు గట్టిగానే వాదించుకుంటున్నారు. తెర లేనివాళ్ళకు మాత్రం బెండు, ఈకే దారి.

లోతుకు సంబంధించిన ఒక సంగతి ఎంపిక ముందే తలుచుకోవాలి. బ్యాస్ గాలి తిత్తికి గొట్టం దారి లేదు, గాలిని చప్పున బయటికి వదల్లేదు. ఎనిమిది తొమ్మిది మీటర్లు దాటిన లోతు నుంచి పైకి తెస్తే ఆ తిత్తి ఉబ్బి, చేప వదిలిపెట్టినా నీళ్ళలోకి దిగలేక తేలిపోవచ్చు. పట్టి వదిలేసే ఉద్దేశం ఉన్నవాళ్ళు అంత లోతుకు స్పూన్ దించే ముందు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఇక చన్నీళ్ళలో చేప పట్టిందని తెలిసేదెలా? వేసవిలోలా చెయ్యి అదిరే దెబ్బ ఉండదు. జెర్క్‌బైట్ ఆగి ఉంది, దారం నీళ్ళ మీద వదులుగా వంగి పడుకుని ఉంది. ఆరు, ఏడు, ఎనిమిది అని లెక్కపెడుతుంటే ఆ వంపు మెల్లగా సాగడం మొదలవుతుంది. గాలికి జరుగుతోందనుకుంటారు. కానీ గాలి ఇటు వీస్తోంది, దారం అటు పోతోంది.